అల్యూమినియం కిటికీలు, రేకులు పర్యావరణానికి మేలేనా? లెక్క ఎక్కడ తేలుతుందంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కట్టబోయే ఇంటికి కిటికీలు, పైకప్పు రేకు, ముందు గోడ తొడుగు పలకలు అన్నీ అల్యూమినియంతో పెడదామని ఆర్కిటెక్ట్ అంటున్నారు. పూర్తిగా రీసైకిల్ అవుతుంది కాబట్టి పర్యావరణానికి మంచిదని ఆయన వాదన. మీ తమ్ముడేమో అది విపరీతంగా కరెంటు తాగే లోహమని, బాక్సైట్ గనులూ ఎర్ర బురదా మర్చిపోవద్దనీ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరిదీ నిజమే. మీ తమ్ముడు చెప్పేది లోహం పుట్టిన రోజు లెక్క. ఆర్కిటెక్ట్ చెప్పేది అది గోడలోంచి ఊడి బయటికొచ్చే రోజు లెక్క. ఈ రెండు రోజుల మధ్య ముప్పై నలభై ఏళ్లు ఆ కిటికీ ఏం చేస్తుందన్నది ఇద్దరూ వదిలేశారు. ఏ కొలిమి నుంచి వచ్చింది, గోడలో ఎలా కూర్చుంది, రేపు ఎలా ఊడదీస్తారు అనేదాన్ని బట్టి అదే సెక్షన్ (ఫ్రేమ్ చేసే పొడుగాటి అల్యూమినియం బద్దీ) మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు.

ముందు పుట్టుక ఖర్చు చూద్దాం. టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు 2 టన్నుల అల్యూమినా (బాక్సైట్ నుంచి తీసే అల్యూమినియం ఆక్సైడ్ పొడి), దానికోసం 4–5 టన్నుల బాక్సైట్ కావాలి. కాస్టిక్ సోడాతో అల్యూమినాను తీసుకున్నాక మిగిలేదే ఎర్ర బురద. టన్ను అల్యూమినాకు అది టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కా దగ్గర ఆ బురద నిల్వ ఉంచిన చెరువు గట్టు తెగి పదిమంది చనిపోయారు. కాబట్టి మీ తమ్ముడి భయం ఊరికే పుట్టింది కాదు. ఆ తర్వాత అల్యూమినాను కరిగిన క్రయోలైట్ అనే లవణం ఉన్న తొట్టిలో 950–960 డిగ్రీల దగ్గర విద్యుత్తుతో విడగొడతారు. 1886లో హాల్, హెరూ ఎవరికి వారుగా కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. టన్ను లోహానికి 13,000 నుంచి 15,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అదొక్కటే కాదు, తొట్టిలో వేలాడే కార్బన్ ఆనోడ్లు కాలిపోతూ టన్ను లోహానికి దాదాపు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. తొట్టిలో అల్యూమినా తగ్గితే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువు కూడా పుడుతుంది. అది గాలిలో వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది, వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు కొన్ని వేల రెట్లు.

అందుకే కిలో అల్యూమినియం అనగానే ఒకే అంకె చెప్పడం కుదరదు. జలవిద్యుత్తుతో నడిచే కర్మాగారం నుంచి వస్తే కిలో లోహం వెనక సుమారు 4 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. బొగ్గు కరెంటుతో తీస్తే 16 నుంచి 20 కిలోలు. వాడేసిన తుక్కును కరిగించి చేస్తే కిలో లోపే, ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దానికి కొత్త లోహం తీయడానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు. చూడ్డానికి మూడూ ఒకటే. పౌడర్ కోటింగ్ వేశాక ఏది ఏదో నిపుణుడు కూడా పట్టుకోలేడు.

మీ ఇంటి కిటికీకి ఈ లెక్క కడదాం. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు, తెరుచుకునే రెక్క ఉన్న కిటికీ. బయటి ఫ్రేమ్, రెక్క కలిపి పది మీటర్ల పైచిలుకు సెక్షన్ పడుతుంది. మీటరుకు 1.3 కిలోలు వేసుకుని, గ్లాసు పట్టుకునే బీడింగ్ కూడా కలిపితే సుమారు 15 కిలోల లోహం. బొగ్గు కరెంటు లోహమైతే కిటికీకి దాదాపు 250 కిలోల కార్బన్ డయాక్సైడ్. జలవిద్యుత్తుదైతే 60. మూడొంతులకు పైగా వాడేసిన తుక్కుతో చేసినదైతే 30కి అటూ ఇటూ. సెక్షన్ లాగడం, కోటింగ్ వేయడం దీనికి అదనం, కానీ పెద్ద భాగం లోహానిదే. మీ ఇంటికి పన్నెండు కిటికీలుంటే తేడా రెండున్నర టన్నులు దాటుతుంది.

ఇక్కడే ఎవరూ చెప్పని చిన్న చిట్కా. లోహం ఎక్కడిదో వెతికే ముందు, ఎంత లోహం అవసరమో చూడండి. తెరుచుకోని స్థిరమైన కిటికీకి రెక్క ఉండదు కాబట్టి లోహం దాదాపు సగానికి తగ్గుతుంది, గాలి కారే సందులూ ఉండవు. ఒక గదిలో మూడు పలకల కిటికీ ఉంటే మూడూ తెరుచుకోనక్కర్లేదు. గాలి ఆడటానికి, తుడవడానికి ఏది కావాలో అది తెరుచుకుంటే చాలు.

సరఫరాదారుని ఏం అడగాలి? "రీసైకిల్డ్" అని ముద్ర ఉందా అని అడగకండి, ఉందనే చెబుతారు. ఈపీడీ అనే పర్యావరణ ప్రకటన పత్రం అడగండి. ఐఎస్ఓ 14025, ఈఎన్ 15804 ప్రకారం మూడో పక్షం తనిఖీ చేసినదై ఉండాలి. అందులో ఏ1 నుంచి ఏ3 వరకు ఉన్న గడి చూడండి, గని నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా కిలోకు ఎంత అన్నది అక్కడ ఉంటుంది. నాలుగు కిలోల లోపుంటే మంచి లోహం. అదే పత్రంలో చివర డి అనే గడి ఉంటుంది. భవిష్యత్తులో రీసైకిల్ అయితే వచ్చే లాభాన్ని మైనస్ అంకెగా అక్కడ చూపిస్తారు. అమ్మేవాళ్లు కొందరు ఏ1–ఏ3లోంచి ఆ డి తీసేసి, మిగిలిన చిన్న అంకెను బ్రోచర్‌లో వేస్తారు. తుక్కుతో చేసినందుకు మొదట్లో ఒకసారి, మళ్లీ తుక్కు అవుతుందని చివర్లో ఇంకోసారి అలా ఒకే తుక్కుకు రెండుసార్లు మార్కులు వేయకూడదు. రెండు గడులనూ కలపకుండా విడివిడిగా చదవండి.

ఇంకో మెలిక ఉంది. సెక్షన్లు లాగే ఫ్యాక్టరీలో కోసేసిన చివరలు, పాడైన ముక్కలు బిల్లెట్‌లో (సెక్షన్ లాగడానికి వాడే లోహపు దిమ్మలో) ఐదో వంతు దాకా ఉంటాయి. అవి తిరిగి కొలిమిలోకే పోతాయి. దాన్నీ రీసైకిల్డ్ అనే అంటారు. అబద్ధమని కాదు గానీ, నిన్న కొలిమిలోంచి వచ్చిన లోహమే ఈరోజు మళ్లీ తిరుగుతోంది, దాని పుట్టుక భారం ఎక్కడికీ పోలేదు. మీరడగాల్సింది వాడేసిన భవనాలు, వాహనాల నుంచి వచ్చిన తుక్కు వాటా ఎంత అని. అది దొరక్కపోయినా దిగులు పడనక్కర్లేదు. ప్రపంచంలో ఏటా తీసే కొత్త అల్యూమినియమే 7 కోట్ల టన్నులు, అందరి గిరాకీకి సరిపడా పాత తుక్కు లేదు. జలవిద్యుత్తుతో తీసిన కొత్త లోహం కొనడం కూడా సరైన పనే. గనులు, ఎర్ర బురద సంగతి కూడా చూసిన లోహం కావాలంటే అల్యూమినియం స్టీవార్డ్‌షిప్ ఇనీషియేటివ్ ధ్రువీకరణ అడగండి. ఈపీడీలో కార్బన్ కనిపించినంత స్పష్టంగా గని కనిపించదు.

ఇక అసలు విషయం, గోడలో ఉన్న ముప్పై ఏళ్లు. కిటికీ సెక్షన్లకు మామూలుగా వాడే 6063 అనే అల్యూమినియం మిశ్రమం వేడిని మోసే తీరు మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 200 వాట్లు. కలపది 0.13. అంటే థర్మల్ బ్రేక్ (ఫ్రేమ్ లోపలి, బయటి లోహం మధ్య వేడిని ఆపే పట్టీ) లేని అల్యూమినియం ఫ్రేమ్ అంటే గోడకు పెట్టిన గరిటె కాడ లాంటిది, అటు వేడి ఇటు చేతికి తగులుతుంది. అలాంటి ఫ్రేమ్‌లో చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు 6 వాట్ల దాకా వేడి దాటుతుంది. మధ్యలో 24 మిల్లీమీటర్ల పాలీఅమైడ్ పట్టీ ఉన్నదైతే రెండు, మూడు వాట్లకు దిగుతుంది.

మన కిటికీలో ఫ్రేమ్ కనిపించే వెడల్పు 100 మిల్లీమీటర్లు అనుకుంటే దాని విస్తీర్ణం అర చదరపు మీటరు. 6కు, 2కు తేడా 4. అంటే ఒక్కో డిగ్రీకి 2 వాట్లు. లోపలికీ బయటికీ 10 డిగ్రీల తేడాతో ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడిస్తే 32 యూనిట్ల వేడి అదనంగా లోపలికొస్తుంది. మూడు పాళ్ల వేడి తోడడానికి ఒక పాలు కరెంటు తినే ఏసీ అయితే ఏటా 11 యూనిట్లు, ముప్పై ఏళ్లకు 320. యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 220 కిలోల పైనే. ఇందాక బొగ్గు లోహానికి వేసిన 250కి ఇది దాదాపు సమానం. అంటే ఎంతో వెతికి శుభ్రమైన లోహం కొని, థర్మల్ బ్రేక్ లేకుండా బిగిస్తే వచ్చిన మేలంతా ఏసీలోనే పోతుంది. చలి దేశాల్లో హీటర్ నడిచే గంటలు ఎక్కువ కాబట్టి ఈ అంకె ఇంకా పెరుగుతుంది. ఏసీ, హీటర్ రెండూ లేని ఇంటికి మాత్రం ఈ ఖర్చు పెట్టనక్కర్లేదు, ఎండ గ్లాసు మీద పడకుండా చూసుకోవడమే ముఖ్యం.

థర్మల్ బ్రేక్ నిజంగా ఉందో లేదో కోసిన చివర చూస్తే తెలిసిపోతుంది. లోపలి సగం, బయటి సగం వేర్వేరు లోహపు ముక్కలుగా ఉండాలి, వాటిని రెండు నల్లని పట్టీలు కలిపి పట్టుకోవాలి. ఎక్కడా లోహం లోహాన్ని తాకకూడదు. ఆ పట్టీ గాజు నార కలిపిన పాలీఅమైడ్ 66 అయి ఉండాలి. దాని వ్యాకోచం అల్యూమినియానికి దగ్గరగా ఉంటుంది, 200 డిగ్రీల కోటింగ్ పొయ్యినీ తట్టుకుంటుంది. చౌక రకాల్లో పీవీసీ పట్టీ వేస్తారు. అది అల్యూమినియం కంటే మూడింతలు సాగుతుంది, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ముదురు రంగు ఫ్రేమ్ ఎండలో 70 దాటడం మామూలే, కొన్నేళ్లకు రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి జారి రెక్క ఫ్రేమ్‌కు రాసుకోవడం మొదలవుతుంది. అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష ఉంది. రాగి తీగ చివరను మంటలో ఎర్రగా కాల్చి, పట్టీ ముక్కకు ఒకసారి ఆనించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిస్తే అది పీవీసీ. ఆరుబయట చేయండి, పొగ పీల్చకండి.

పట్టీ సరైనదే అయినా బిగించేటప్పుడు పాడుచేసేవాళ్లున్నారు. పొడుగాటి ఇనుప స్క్రూను లోపలి సగం నుంచి బయటి సగం దాకా దించేస్తారు. లేదంటే గడప కింద వేసే నీటి రేకును రెండు సగాలకూ తగిలేలా మడుస్తారు. పట్టీ ఉన్నచోటే మళ్లీ వంతెన కట్టినట్టవుతుంది. చలికాలం ఉదయం సరిగ్గా స్క్రూ తలల చుట్టూ చెమట చుక్కలు కనిపిస్తే ఇదే కారణం. ఇంకో మాట, కిటికీలో మూడొంతులు గ్లాసే. ఫ్రేమ్‌కు థర్మల్ బ్రేక్ పెట్టి ఒంటి గ్లాసు బిగిస్తే డబ్బు దండగ.

మన్నిక సంగతి. అల్యూమినియం మీద తనంతట తానే ఏర్పడే ఆక్సైడ్ పొర కొన్ని నానోమీటర్ల మందమే, కానీ అదే దాని కవచం. రోమ్‌లోని సాన్ జోవాక్కినో చర్చి గుమ్మటానికి 1890ల చివర్లో వేసిన అల్యూమినియం రేకులు నూరేళ్లు దాటి నిలిచాయి. ఆ కవచం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 4 నుంచి 8.5 మధ్యే నిలుస్తుంది. తడి సిమెంటుది 12 పైన. కిటికీలు బిగించాక గోడకు ప్లాస్టర్ కొడితే ఏమవుతుందో చూడండి: మెతుకంత ముద్ద ఫ్రేమ్ మీద పడుతుంది, సాయంత్రం దాకా ఎవరూ పట్టించుకోరు, మర్నాడు గోటితో గీకితే ముద్ద ఊడుతుంది గానీ కింద బూడిద రంగు మచ్చ ఉండిపోతుంది. లోహాన్ని క్షారం తినేసిన గుర్తు అది, తుడిస్తే పోదు. దాన్ని పోగొట్టాలని మేస్త్రీ యాసిడ్ పోస్తే చుట్టుపక్కల పొర కూడా పోతుంది. అందుకని గోడలో ముందు సబ్‌ఫ్రేమ్ (తర్వాత కిటికీని బిగించుకునే చట్రం) పెట్టి, ప్లాస్టర్, మొదటి పూత అయ్యాకే అసలు కిటికీ తెప్పించండి. ముద్ద పడితే ఆరకముందే మంచినీళ్లతో కడగాలి. ఫ్రేమ్‌కు అంటించి వచ్చే ప్లాస్టిక్ టేపును నెలల తరబడి ఎండలో వదిలేయకండి, జిగురు పట్టేసి ఊడిరాదు.

సముద్రానికి దగ్గరైతే కోటింగ్ విషయంలో రాజీ పడొద్దు. అనోడైజింగ్ (విద్యుత్తుతో ఆక్సైడ్ పొరను మందం చేయడం) అయితే 25 మైక్రాన్లు. పౌడర్ కోటింగ్ అయితే 60 మైక్రాన్లకు తగ్గకూడదు, కానీ మందం కంటే దాని కింద చేసే శుద్ధి ముఖ్యం. క్వాలికోట్ అనే కోటింగ్ నాణ్యతా ధ్రువీకరణలోని సీసైడ్ స్థాయిలో చదరపు మీటరుకు కనీసం 2 గ్రాముల లోహం చెక్కుకుపోయేలా రసాయనంతో కడుగుతారు, మామూలు స్థాయిలో ఒక గ్రామే. ఈ పని ఎగ్గొడితే కోసిన అంచుల దగ్గర్నుంచి పొర కింద వెంట్రుకల్లాంటి గీతలు పాకుతాయి. ఆ గీతలు మొదలయ్యాక ఫ్రేమ్‌ను విప్పి మళ్లీ శుద్ధి చేసి కోటింగ్ వేయాల్సిందే, పైపైన రంగు పూస్తే ఆగవు.

పైకప్పు రేకుకు రెండు మూడు మాటలు చాలు. ఏ పూతా లేని మెరిసే రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ తనలో చేరిన వేడిని బయటికి వదలడంలో మహా పిసినారి. అందుకే మెరుస్తూనే కాలిపోతుంది. తెల్ల పూత వేసిన రేకు రెండు పనులూ చేస్తుంది, చల్లగా ఉండాలంటే అదే తీసుకోండి. ఆరు మీటర్ల రేకు 50 డిగ్రీల తేడాకు దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు దూలం అందులో సగమే. స్క్రూ రంధ్రాలు పొడుగ్గా లేకపోతే రేకు చిరుగుతుంది, కురిసేది అక్కడే. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, రబ్బరు వాషర్‌తో. ఉక్కు దూలానికీ రేకుకీ మధ్య టేపు. ఏసీ రాగి గొట్టం మీదుగా కారే నీళ్లు రేకు మీద పడనివ్వకండి, ఆ నీళ్లలో వచ్చే రాగి లవలేశం చాలు గుంటలు పడటానికి.

ముందు గోడ తొడుగు దగ్గర మాత్రం మీ ఆర్కిటెక్ట్‌తో నేను ఏకీభవించను. అల్యూమినియం పలకలు అని మామూలుగా అమ్మేది కాంపోజిట్ ప్యానెల్. 4 మిల్లీమీటర్ల పలకలో అటూ ఇటూ అర మిల్లీమీటరు రేకు, మధ్యలో 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్. తూకం వేస్తే చదరపు మీటరుకు లోహం 2.7 కిలోలు, ప్లాస్టిక్ 2.8 కిలోలు. అంటే సగం కంటే ఎక్కువ ప్లాస్టికే. మధ్యలో పాలిథిలిన్ ప్లాస్టిక్ ఉన్న పలకలు మంటను పైకి ఎంత వేగంగా మోస్తాయో 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది ప్రాణాలు తీసిన అగ్ని ప్రమాదం చూపించింది. ఇలా అంటించిన పొరలను విడదీయడం మామూలు తుక్కు యార్డుల్లో అయ్యే పని కాదు. తొడుగు కావాలంటే 2 లేదా 3 మిల్లీమీటర్ల ఒంటి అల్యూమినియం పలక వేయించండి. చదరపు మీటరుకు 8 కిలోల దాకా లోహం పడుతుంది, ఆ బరువు నిజమే, అందుకే ముందు ఆ తొడుగు అవసరమా అని అడగండి. మామూలు ప్లాస్టర్ గోడకు సున్నపు పూత కంటే పర్యావరణపరంగా అది మేలని నేను చెప్పలేను. కిటికీల మీద ఎండను ఆపే పలకల వరసలకైతే అల్యూమినియం వాడొచ్చు, అవి ఏసీ భారాన్ని తగ్గిస్తాయి.

ఇక ఆర్కిటెక్ట్ చెప్పిన వందశాతం రీసైక్లింగ్. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్‌లో కూల్చివేతలను పరిశీలిస్తే అల్యూమినియంలో 92 నుంచి 98 శాతం దాకా సేకరించారని తేలింది. తుక్కుకు ధర పలుకుతుంది కాబట్టి ఎవరూ పారేయరు. కానీ సేకరించడం వేరు, మళ్లీ కిటికీ సెక్షన్ కావడం వేరు. 6063లో ఇనుము 0.35 శాతం దాటకూడదు. లోహంలో ముందే 0.2 ఉందనుకోండి. వంద కిలోల తుక్కుతో పాటు 200 గ్రాముల ఇనుప స్క్రూలు కరిగితే 0.4 అయిపోతుంది. ఒకసారి కలిసిన ఇనుమును బయటికి తీసే చవకైన దారి లేదు, కొత్త లోహం కలిపి పలచన చేయాలి, లేదా ఇంజిన్ భాగాల్లాంటి పోత పనికి పంపాలి. అయస్కాంతం మామూలు ఇనుప స్క్రూలను పట్టుకుంటుంది గానీ 304 స్టెయిన్‌లెస్ స్క్రూలను వదిలేస్తుంది. వాటిని చేత్తో విప్పాల్సిందే.

దీనికోసం మీరు ఇప్పుడే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రేమ్ మూలలను సిలికాన్‌తో ముద్దగా అంటించకుండా క్లీట్‌లతో (మూలలో కలిపే లోహపు ముక్కలతో) బిగించమనండి. గ్లాసుకు జిగురు బదులు రబ్బరు గాస్కెట్ పెట్టించండి, రేపు గ్లాసు పగిలినా ఫ్రేమ్ బతుకుతుంది. సబ్‌ఫ్రేమ్‌కు కిటికీని స్క్రూలతోనే బిగించాలి, వాటి తలలు ప్లాస్టర్‌లో పూడ్చకూడదు. హింజెలు, తాళాలు, గాస్కెట్లు సెక్షన్ కంటే ముందే అరుగుతాయి కాబట్టి వాటి మోడల్ నంబర్లు, మిశ్రమం పేరు, కోటింగ్ రంగు కోడ్ ఒక కాగితం మీద రాయించుకుని ఇంటి పత్రాలతో పాటు దాచండి. చాలా కిటికీలు లోహం పాడై కాదు, పదేళ్లకు హింజె దొరక్క తుక్కులోకి పోతాయి.

చూరు బాగా బయటికి ఉండి వాన తగలని కిటికీలకు, చెద భయం లేనిచోట, ఏళ్లకోసారి నూనె రాసే ఓపిక ఉంటే కలపే తక్కువ భారం. వాన, ఉప్పు గాలి నేరుగా కొట్టే ముఖాలకు, పెద్ద గ్లాసులకు అల్యూమినియం పెట్టండి. ఇంటి మొత్తానికి ఒకే రకం ఉండాలన్న నియమమేమీ లేదు.